ఇనుపదా, ఉక్కుదా

లేతు చక్‌లో బిగించిన ఫ్లైవీల్ చక్రాన్ని టర్నరు చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాడు. అంచుకి ఆనించిన డయల్ గేజీ ముల్లు అటూ ఇటూ వణికింది. రాగి సుత్తితో చిన్న దెబ్బ వేశాడు. మళ్ళీ తిప్పాడు. ముల్లు ఇంకా కుదురుకోలేదు. ఇంకో దెబ్బ వెయ్యబోతుండగా రోడ్డు అవతలి గారేజీలోంచి తోడల్లుడి నవ్వు వినపడింది. దానికి జతగా ఎవరో ఆడమనిషి నవ్వు కూడా. దెబ్బ గట్టిగా పడింది. ముల్లు ఒక పక్కకి పోయి కూర్చుంది.

"ఛీ," అనుకుని మళ్ళీ మొదటికొచ్చాడు టర్నరు.

పొద్దున్నే ఏం నవ్వండీ అది! పళ్ళు తోముకున్నాడో లేదో, షట్టర్ ఇలా ఎత్తాడో లేదో, అప్పుడే వాడి చుట్టూ జనం. ఈ టర్నరు ఇదే లేతు ముందు నిలబడి నిలబడి, కాళ్ళు ఆనేచోట గచ్చు రెండు గుంటలు పడింది. ఇన్నేళ్ళలో ఈ షాపుకి ఎవరైనా ఊరికే కబుర్లకి వచ్చారా అంటే, లేదు. పని ఇస్తారు, ఎప్పుడవుతుందంటారు, ఆ రోజుకి వచ్చి పట్టుకుపోతారు. మనిషి పొట్టి. భుజాలు ముందుకి వంగిపోయాయి. వేలి గీతల్లోకి ఇనుప రజను ఎక్కి, ఏ సబ్బుకీ లొంగకుండా అక్కడే కాపురం పెట్టింది. పదిమందిలో ఉంటే నోట్లో నాలుకుందా లేదా అని అనుమానం వచ్చేంత నెమ్మది. కానీ కడుపులో మంట ఉందే, అది మాత్రం నెమ్మదిది కాదు.

ఆ మంట పేరు తోడల్లుడు. అక్కని ఈయన చేసుకున్నాడు, చెల్లెల్ని వాడు చేసుకున్నాడు. వాడూ ఒకప్పుడు ఇదే షాపులో పనిచేశాడు. రెండేళ్ళు తిరక్కుండానే ఎదురుగా షెడ్డు అద్దెకి తీసుకుని, బోర్డు కట్టి, వీధికంతటికీ "మేస్త్రీ" అయి కూర్చున్నాడు. ఈయనేమో ఇంకా ఓనరు లేతు మీదే ఉన్నాడు. వాడి జుట్టు నల్లగా ఉంది, ఈయన నెత్తి బట్టతల. వాడు జోకు వేస్తే ఈయన భార్య పైట నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతుంది. అదే జోకు ఈయన వేస్తే, "ఇది మా మరిది చెప్పిందే కదా!" అంటుంది. నిజమే, వాడు చెప్పిందే. అదే ఇంకా మంట.

ముల్లు ఎట్టకేలకు కుదురుకుంది. టర్నరు టూలు బిగించి, చక్రం వెనకవైపు అంచుని మెల్లగా చెక్కడం మొదలెట్టాడు. పోత ఇనుము ఉక్కులాగా చుట్టలు చుట్టలుగా రాలదు. నల్లటి పొడి రాలుతుంది, ముక్కులోకి పోతుంది, ఉమ్మితే నల్లగా వస్తుంది.

చక్రం టైలరమ్మ కారుది. వీధి చివర కుట్టు పని చేసే ఆవిడ. తండ్రి వాడిన పాతకాలపు బుల్లి కారు ఒకటి ఆవిడకి మిగిలింది. గుండ్రటి దీపాలతో, అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించినట్టు ఉంటుంది. ఇంజన్ విప్పించినప్పుడే ఆవిడ మేస్త్రీతో అంది, "నాకు పెడల్ తొక్కగానే దూకాలండీ" అని. అలా దూకాలంటే ఫ్లైవీల్ బరువు తగ్గించాలి. ఇంజన్ వెనకాల కూర్చునే బరువైన చక్రం అది. ఒక పేలుడుకీ ఇంకో పేలుడుకీ మధ్య ఇంజన్ నీరసపడి ఆగిపోకుండా తన బరువుతో దాన్ని తోసుకుపోతుంది. బరువు తగ్గిస్తే ఇంజన్ చలాకీగా ఉరుకుతుంది. మరీ తగ్గిస్తే, నిదానంగా కదలాల్సిన చోట ఠక్కున ఆగి ఊరుకుంటుంది. ఎంత తగ్గించాలన్నదే వ్యవహారమంతా.

పాత చక్రాన్ని చెక్కమని మేస్త్రీ ముందు ఇక్కడికే పంపాడు. పంపినవాడు ఊరుకున్నాడా? ఎక్కడినుంచో తయారుగా దొరికే ఉక్కు చక్రం కూడా తెప్పించాడు. ఇప్పుడు ఆ అట్టపెట్టెని చంకన పెట్టుకుని, టైలరమ్మని వెంటేసుకుని రోడ్డు దాటి వచ్చేశాడు.

"అన్నయ్యా, పెళ్ళికూతుర్ని తెచ్చా. చూసి చెప్పండి," అని పెట్టె బల్ల మీద పెట్టి మూత తీశాడు.

నల్లగా నిగనిగలాడుతూ ఉంది ఆ చక్రం. మధ్యలో గుండ్రటి కంతలు, అంచు సన్నగా, ఎక్కడా వంక లేదు. టర్నరు ఎత్తి చూశాడు. పళ్ళెమంత తేలిక. చేతికి హాయిగా తగిలింది, ఆ హాయికి ఒళ్ళు మండింది.

"ఇదా, అదా? మీ మాటే మాట. సాయంత్రం లోపల బిగించెయ్యాలి," అన్నాడు మేస్త్రీ.

ఇన్నేళ్ళలో వాడు ఈ ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ ఇంత తియ్యండి, అంత తియ్యండి అని కొలతలు చెప్పి పోయేవాడు. సమాధానం టర్నరు దగ్గర సిద్ధంగానే ఉంది. టైలరమ్మ క్లచ్‌ని ఒక్కసారిగా వదిలేస్తుంది. షాపు ముందరి చిన్న ఎత్తు మీదే బండి ఆవిడ చేతిలో ఎన్నిసార్లు ఆగిపోయిందో ఆయన లేతు దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాడు. పైగా ఆవిడ ఇల్లు నిటారు వాలు మీద ఉంది. అంత తేలిక చక్రం వేస్తే సగం ఎత్తులో ఇంజన్ ఆగిపోతుంది, బండి వెనక్కి జారుతుంది. పాతదాన్నే కాస్త చెక్కి వెయ్యాలి. మరీ ఎక్కువ చెక్కకూడదు. ఇదీ మాట. కానీ ఆవిడ ముఖం మీదే "మీకు క్లచ్ వదలడం రాదు" అని ఎలా అంటాడు?

"పాతదే వెయ్యి," అన్నాడు చివరికి.

టైలరమ్మ పకపకా నవ్వింది. "అయ్యో, నేను ఓడిపోయాను. మేస్త్రీ ముందే చెప్పారండీ, మీరు పాతదే వెయ్యమంటారని. టీ పందెం కట్టాం."

"మా అన్నయ్యకి నా మీద ఎంత ప్రేమో, నేను తెప్పించిన చక్రం మీదా అంతే ప్రేమ," అన్నాడు మేస్త్రీ. గల్లా దగ్గర కూర్చున్న ఓనరు కూడా నవ్వాడు.

"అది కాదు, ఎందుకంటే..." అని టర్నరు నీళ్ళు నమిలాడు. "బావుంటుంది," అన్నాడు.

"సరే, బావుండేలాగే చూద్దాం," అని మేస్త్రీ పెట్టె మూసి చంకనెత్తుకున్నాడు. రోడ్డు దాటేవరకూ ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటూనే ఉన్నారు.

టర్నరు లేతు తిప్పలేదు. తన కడుపుమంట వాడికి తెలుసన్నమాట! తెలియడమేమిటి, టీ పందాలు కట్టేంతగా తెలుసు. ఓనరుకీ తెలుసు. రేపోమాపో వీధి చివరి కుట్టుమిషన్లకి కూడా తెలుస్తుంది. ఎవరికీ తెలియకుండా ఇన్నాళ్ళూ గుట్టుగా ఏడుస్తున్నానని తనొక్కడే అనుకున్నాడు. చెవులు వేడెక్కిపోయాయి.

ఇంకో పాడు అనుమానం దాని వెనకే వచ్చింది. వాడన్నది నిజమేనేమో? పాతదే మంచిదని నేననడం నిజంగా వాలు కోసమేనా, వాడు తెప్పించాడన్న కచ్చ కొద్దీనా? వాడే పాతది వేద్దామని ఉంటే, నేను ఉక్కుదాన్ని పొగిడేవాడినా? టర్నరు తనని తాను నిలదీసుకున్నాడు. అసూయ సంగతి అంతే కదా, మనిషి చెప్పే నిజాన్ని కూడా మైల పరుస్తుంది.

ఇలా నిజాయితీగా నిలదీసుకున్న ప్రతిసారీ ఆయనకి మామగారు గుర్తొస్తాడు. మంచాన పడ్డ ఆఖరి రోజుల్లో రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉన్నది ఈయన. నీళ్ళు పట్టిందీ, పక్క మార్చిందీ ఈయన. ముసలాయనకి చూపు పోయింది. ఓ సాయంత్రం చెయ్యి తడిమి పట్టుకుని, "వచ్చావా మేస్త్రీ, నీకోసమే చూస్తున్నా," అన్నాడు. ఎంత వెలుగొచ్చిందో ఆ ముఖంలోకి! ఈయన కాదనలేకపోయాడు. "ఆఁ, నేనే," అన్నాడు. ఆ చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. ఈ సంగతి భార్యకి కూడా చెప్పలేదు.

అది తలుచుకోగానే కడుపులో భగ్గుమంది. లేతు స్విచ్చి వేశాడు. ఉక్కు చక్రం తేలికైతే ఇదీ అంత తేలికే చేస్తా, వాణ్ణి రెండూ చేతుల్లో పెట్టుకుని తూచుకోమను, అనుకున్నాడు. ఒక కోత, దాని మీద ఇంకో కోత. వెనకవైపు తీస్తే చాలదన్నట్టు టూలుని బయటి అంచు మీదికి కూడా తిప్పాడు. నల్లటి రజను చేతుల మీదా, చొక్కా మీదా పడుతోంది. అవతల నవ్వు వినపడటం లేదు. లేతు చప్పుడుకి ఏదీ వినపడటం లేదు. అదే బావుంది.

కొలుద్దామని లేతు ఆపి, అంచుని గుడ్డతో తుడిచి చూశాడు.

గీత లేదు.

ఫ్లైవీల్ బయటి అంచు మీద సన్నటి గీత ఒకటి ఉంటుంది. ఇంజన్‌లో మెరుపు ఏ క్షణాన పుట్టాలో మెకానిక్ ఆ గీతని చూసే సరిచేసుకుంటాడు. చెక్కేముందు దాన్ని లోపలివైపుకి గుర్తు వేసుకోవాలి. పనిలోకి కొత్తగా వచ్చినవాడికి మొదట చెప్పే మాట అది. ఎంతమందికి ఈయనే చెప్పాడో లెక్కలేదు. ఆ గీతనే ఈయన శుభ్రంగా చెక్కేశాడు.

స్టూలు మీద కూలబడ్డాడు. చక్రం మందం మీద వేలు పెట్టి చూశాడు. ఇంకొక్క కోత వేసి ఉంటే ప్రమాదమే. పోత ఇనుము వంగదు, సాగదు, చెప్పాపెట్టకుండా పగులుతుంది. అంత వేగంలో పగిలితే, అది ఉండేది నడిపేవాళ్ళ కాళ్ళ దగ్గర. ఎవరి కాళ్ళు? క్లచ్ వదలడం రాని ఆ నవ్వుల టైలరమ్మ కాళ్ళు. తన చేతుల్ని చూసుకుంటే తనకే భయం వేసింది. నయం, ఇక్కడితో ఆగాను, అనుకున్నాడు. నిజానికి చక్రం ఇంకా ఉక్కుదానంత తేలిక కాలేదు, ఇప్పుడున్న బరువు సరిగ్గా ఆయన మొదట మనసులో అనుకున్న బరువే. ఆవిడకి కావాల్సింది అంతే.

చక్రాన్ని ఇరుసుకి తొడిగి రెండు కత్తి అంచుల మీద దొర్లించి, బరువు ఏ పక్కకి వాలుతుందో చూసి, ఆ పక్క వెనకాల చిన్న బెజ్జం వేసి సమం చేశాడు. ఆ పని మాత్రం కుదురుగా చేశాడు. తర్వాత దాన్ని గుడ్డలో చుట్టి రోడ్డు దాటాడు. గీత సంగతి చెప్పకుండా దాచే వీల్లేదు, దొరికిపోతాడు. పైగా చెప్పాల్సింది ఎవరికి? ప్రపంచంలో ఇంకెవరూ లేనట్టు, వాడికి.

మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. భోజనం డబ్బా ముందు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. పెద్దగా తింటున్నట్టు లేదు.

"గీత పోయింది," అన్నాడు టర్నరు. నిలబడే అన్నాడు.

మేస్త్రీ ఆయన ముఖంలోకి చూశాడు. ఇప్పుడు నవ్వుతాడు, ఇప్పుడు జోకు వేస్తాడు, సాయంత్రానికి వీధంతా పాకుతుంది, అని టర్నరు పళ్ళు బిగించుకుని ఎదురుచూశాడు. మేస్త్రీ నవ్వలేదు. లేచి, గుడ్డ విప్పి, చక్రాన్ని వెలుతురులో పెట్టి అంచు చుట్టూ బొటనవేలు పోనిచ్చాడు.

"పర్లేదన్నయ్యా. మొదటి ప్లగ్ బెజ్జంలో చువ్వ పెట్టి పిస్టన్ పైకొచ్చే చోటు పట్టుకుంటా. కొత్త గీత కొట్టుకోవచ్చు. ఎంతసేపు!"

"అయితే ఏది వేస్తున్నావ్?"

"చూద్దాం. ఇంజన్నే అడుగుతా, దానికేది కావాలో." కళ్ళల్లో ఆ పాత చిలిపితనం మళ్ళీ వచ్చేసింది.

టర్నరుకి చర్రుమంది. అంత తల వంచుకుని వచ్చినా వీడికి వేళాకోళమే. "నీ ఇష్టం. నా మాట ఎప్పుడు విన్నావు గనక," అని వెనక్కి తిరిగాడు.

"భోంచేసి వెళ్ళండి అన్నయ్యా, మీ మరదలు మీకిష్టమైన కూరే పంపింది."

"తిన్నాను," అన్నాడు. తినలేదు.

మధ్యాహ్నమంతా ఓ వ్యాను బ్రేకు డ్రమ్ముకి గీతలు పోయేలా చెక్కుతూ గడిపాడు. చేతులు డ్రమ్ము మీద, చెవులు రోడ్డు అవతల. లేతు ఆపినప్పుడు ముందు చిన్న ఉలి చప్పుడు వినిపించింది. ఆ తర్వాత రెంచి బిగిసే కిర్రుమనే చప్పుడు. ఏదో ఒక చక్రం ఎక్కుతోంది. ఏదన్నది మాత్రం చప్పుడు చెప్పదు. లేచి ద్వారం దాకా వెళ్తే కనపడుతుంది. చస్తే వెళ్ళను, అనుకున్నాడు. రెండుసార్లు లేచి, రెండుసార్లూ మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాడు.

ఇక సుత్తి మొదలైంది. ఫ్లైవీల్ బోల్టులు ఆరు. ఒక్కొక్క దాని కింద పల్చటి రేకు ఉంటుంది, దానికో చెవి ఉంటుంది. బోల్టు వదులు కాకుండా ఆ చెవిని ఉలితో పైకి మడుస్తారు. అంతా చూసుకున్నాక, ఇక మళ్ళీ విప్పేది లేదనుకున్నాకే మెకానిక్ ఆ చెవులు మడిచేది. టక్ టక్, ఒకటి. టక్ టక్, రెండు. టర్నరు చెక్కడం ఆపి వింటున్నాడు. ఐదు దాకా వినపడింది. ఆరోది వినపడలేదు.

ఎవడో వచ్చుంటాడు, కబుర్లలో పడుంటాడు, అనుకున్నాడు. పని మధ్యలో వదిలేసి కబుర్లాడినా వీడికే చెల్లుతుంది. ఉక్కుదే వేసుంటాడు. అంత ఖర్చు పెట్టి తెప్పించుకున్నది పెట్టెలో పెట్టుకుంటాడా ఎవడైనా? ఆ సంగతి తేల్చేసుకుని, కడుపులో ఉడుకుతున్నదాన్ని ఉడకనిస్తూ డ్రమ్ము పని పూర్తిచేశాడు.

సాయంత్రం టైలరమ్మ రోడ్డు దాటి వచ్చింది. తొందరపడుతూ కూడా రాలేదు. "టర్నరు గారూ," అంది ద్వారం దగ్గర ఆగి, "మేస్త్రీ ఎంత పిలిచినా లేవడం లేదండీ."

ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోగలడని వాడికి పేరు. అందుకే దారిన పోయినవాళ్ళెవరూ లేపలేదు. కుర్చీలో కాళ్ళు చాపుకుని, తల ఒక పక్కకి వాల్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. టర్నరు వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోగానే తెలిసిపోయింది.

అప్పుడు ఆయన మనసులోకి మొట్టమొదట వచ్చిన మాట ఏమిటో చెబితే ఛీ అంటారు. అయినా అదే వచ్చింది. చావు కూడా వీడికే ఇంత సుళువుగా అమిరింది, అనుకున్నాడు. నొప్పి లేదు, మంచాన పడింది లేదు, ఒకరి చేత నీళ్ళు పట్టించుకుంది లేదు. అనుకున్న మరుక్షణం ఆ కుర్చీ పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు.

డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. మరదలు వచ్చింది, "బావా, చూడు బావా" అని ఈయన భుజం పట్టుకుని ఊపేసింది. ఈయన భార్య వచ్చింది. ఆవిడ గుండెలు బాదుకుని ఏడుస్తుంటే టర్నరు పక్కనుంచి చూశాడు. నేను పోతే ఇంతగా ఏడుస్తుందా అని లెక్క కట్టబోయి, సిగ్గుపడి తల తిప్పుకున్నాడు. వీధి వీధంతా అక్కడే ఉంది. మేస్త్రీని ఇంటికి తీసుకెళ్ళారు. "గారేజీ తాళం వేసి వస్తాను, మీరు పదండి," అన్నాడు టర్నరు.

అందరూ వెళ్ళినా టైలరమ్మ వెళ్ళలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"మీకు చెప్పకూడదో ఏమో," అంది. "పొద్దున మీ షాపులోంచి వచ్చేటప్పుడే అన్నారండీ. 'అన్నయ్య ఏది చెబితే అదే వేస్తాను, ఆయన ఊరికే అనడు. కానీ ఇప్పుడే చెప్పకండి, సాయంత్రం దాకా కాస్త ఉడకనిద్దాం' అన్నారు. ఉడికిస్తే మీరు ముద్దొస్తారట." నవ్వబోయింది, నవ్వు సగంలో ఏడుపైపోయింది. ముఖం దాచుకుని వెళ్ళిపోయింది.

టర్నరు లైటు వేశాడు. ఇంజన్ స్టాండు మీద వెనకవైపు ఇటు తిరిగి ఉంది. ఉక్కు చక్రం అట్టపెట్టెలోకి వెళ్ళిపోయింది, పైన పురికొస కూడా కట్టి ఉంది. ఇంజన్‌కి ఎక్కింది ఇనుపది. ఈయన చెక్కిన చక్రం. అంచు మీద కొత్త గీత, ఉలితో కొట్టింది, వెంట్రుకంత సన్నంగా తిన్నగా ఉంది.

ముందు కలిగింది సంతోషమే. చంకలు గుద్దుకోవాలన్నంత సంతోషం. గెలిచాను, వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు! ఆ గెలుపు ముఖంతోనే కుర్చీ వైపు తిరిగాడు, వాడి ముఖం ఎలా ఉందో చూద్దామని. కుర్చీ ఖాళీగా ఉంది.

"చెప్పొచ్చు కదరా," అన్నాడు పైకే. "మధ్యాహ్నం ఇక్కడే నిలబడ్డాను కదరా. ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయింది? ఉడికించి ఉడికించి నువ్వు పోయావు. ఇప్పుడు నేనెవరి మీద పడి ఏడవాలి?"

రోడ్డు మీద బళ్ళు పోతున్నాయి. ఎదురుగా తన లేతు షాపు షట్టరు దించేశారు. ఇక్కడినుంచి చూస్తే ఆ షాపు ఎంత చిన్నగా కనపడుతుందో ఆయన ఎప్పుడూ గమనించలేదు. లేతు ముందు నిలబడ్డ మనిషి మాత్రం చక్కగా కనపడి ఉంటాడు.

స్టాండు మీద సుత్తి, ఉలి పడి ఉన్నాయి. తీసి ఉలిని ఆరో చెవి కింద ఆనించాడు. బోల్టు మీద రెంచి పెట్టి చూశాడు, బిగిసే ఉంది. చెవి మడిస్తే పని అయిపోతుంది. ఒక్క చిన్న దెబ్బ, అంతే. సుత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఇది లేతు పని కాదు. ఇక విప్పేది లేదని చెప్పాల్సింది బిగించినవాడు.

ఉలినీ సుత్తినీ ఎక్కడివక్కడ పెట్టేశాడు. లైటు ఆర్పి, షట్టరు సగం దించి, వంగి లోపలికి చూశాడు. వీధి దీపపు వెలుతురు చక్రం మీద పడుతోంది. ఐదు రేకులు బోల్టుల్ని కరిచి పట్టుకుని ఉన్నాయి. ఆరో రేకు చెవి మాత్రం మేస్త్రీ వదిలినచోటే, మడత పడకుండా చదునుగా చాచుకుని ఉంది.